నెహెమ్యా మెలేసిన సంచి

కోటిలింగం అసూయకి ముహూర్తం పెట్టింది "గారు" అనే రెండక్షరాలు.

జగ్గయ్యపేటలో ఆయనది కోళ్ళ దాణా కొట్టు. తండ్రి నాటిది. ముందు గదిలో మొక్కజొన్న నూక, తవుడు, నూనె తీయగా మిగిలిన సోయాచెక్క, వేరుశనగ చెక్క ఉంటాయి. వెనక గోడౌనులో ఎండుచేపల పొడి ఉంటుంది. వానాకాలం మొదట్లో ఒకరోజు పొద్దున్నే బలుసుపాడు నుంచి ఓ కోళ్ళ రైతు వచ్చాడు. గల్లా ముందు యజమాని ఇస్త్రీ చొక్కాతో, నుదుటి మీద బొట్టుతో నిండుగా కూర్చుని ఉన్నాడు. ఆ రైతు ఆయన్ని దాటి లోపలికి తొంగి చూసి, "నెహెమ్యా గారు లేరా అండీ?" అని అడిగాడు.

మానేశాడని చెప్పాడు కోటిలింగం. రైతు మొహం చిన్నబోయింది. సరే, మళ్ళీ వస్తానని చెప్పి బండెక్కి వెళ్ళిపోయాడు. సరుకు ఇక్కడే ఉంది, యజమాని ఇక్కడే ఉన్నాడు, మళ్ళీ రావడం దేనికో కోటిలింగానికి అర్థం కాలేదు. ఇరవై రెండేళ్ళు ఆ కొట్లో సంచులు దించి, సంచులు కుట్టి, దాణా కలిపినన్నాళ్ళూ నెహెమ్యా అందరికీ ఉత్త నెహెమ్యానే. మానేసిన రెండు నెలలకి గారు అయిపోయాడు. ఆ పూట కోటిలింగం ఎవరితోనూ సరిగా మాట్లాడలేదు. తూకం రాయి సరిగా పెట్టలేదని కొత్తగా చేరిన జట్టు కూలీని రెండుసార్లు కసిరాడు. తూకం రాయి సరిగానే ఉంది.

అసలు గారు అనిపించుకునే హక్కు ఆ కొట్లో ఒక్కరిదే. నందిగామ దాకా దాణా వ్యాపారంలో కోటిలింగం నాలుకంటే నాలుకే. లారీ వచ్చి ఆగితే చాలు, సంచిలో చెయ్యి పెట్టి చిటికెడు చెక్క తీసి ముక్కు దగ్గర పెట్టుకుని, నాలుక మీద వేసుకుని, కళ్ళు మూసుకుని తల కొంచెం పైకెత్తేవాడు. నోరు తెరిచాడంటే అది ఏ ఊరి మిల్లు చెక్కో, ఎన్నాళ్ళ కిందట ఆడిందో, అడుగున ఎంత చెమ్మ ఉందో చెప్పేసేవాడు. ప్రయోగశాల కాయితాలు వారం తర్వాత వచ్చి ఆయన మాటకే తల ఊపేవి. తవుడు ముక్కిన వాసన వస్తుందని ఆయన అంటే మిల్లువాళ్ళు నోరెత్తకుండా లారీ వెనక్కి తిప్పుకుపోయేవారు. కొడుకు అవినాష్ విజయవాడలో కంప్యూటర్లు అమ్ముకుంటున్నా, ఆస్తి చాలా వరకూ పంచేసినా, ఆ పేరు మాత్రం కోటిలింగం తన దగ్గరే ఉంచుకున్నాడు. ఇచ్చేద్దామన్నా అది ఇంకొకరికి ఇవ్వగలిగింది కాదు.

చేపపొడి దగ్గరికి మాత్రం ఆయన పోడు. పుట్టి బుద్ధెరిగి నీచు ముట్టినవాడు కాదు. ఆ సంచులన్నీ మొదట్నించీ నెహెమ్యా నాలుక మీదే నడిచాయి. అందులో ఇసుక ఎంత కొట్టారు, ఉప్పు ఎంత పోశారు, ఎండబెట్టింది చేపేనా లేక చేప పేరుతో ఇంకేదన్నానా అన్నది నెహెమ్యా మెల్లగా చెవిలో చెప్పేవాడు. అదే మాట కోటిలింగం శెట్టిగారు పెద్ద గొంతుతో రైతుకి చెప్పేవాడు. ఇందులో తప్పు పట్టడానికేం లేదు. చెప్పిందెవరో రైతులందరికీ తెలుసు. అయినా పేరు శెట్టిగారిదే, ఎందుకంటే గల్లా శెట్టిగారిది.

ఎవరికీ తెలియనిది ఇంకోటి ఉంది.

రెండో విడత కరోనాలో కోటిలింగం పదకొండు రోజులు ఆసుపత్రిలో ఉండి బతికి బయటపడ్డాడు. నెల తర్వాత కొట్టుకొచ్చి, లారీ మీంచి దించిన వేరుశనగ చెక్క చిటికెడు తీసి ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. ఏమీ లేదు. నాలుక మీద వేసుకున్నాడు. ఇసక నమిలినట్టుంది. ఉప్పు, కారం, చేదు తెలుస్తున్నాయి గానీ, అరవై ఏళ్ళుగా ప్రతి వస్తువునీ దాని పేరుతో పిలిచి పలకరించిన వాసన మాత్రం పత్తా లేదు. ఎదురుగా లారీ డ్రైవరు, పక్కన ఇద్దరు రైతులు ఆయన నోటి వంకే చూస్తున్నారు. అప్పుడు నెహెమ్యా ముందుకొచ్చి, ఏదో సంచి సర్దుతున్నట్టు వంగి, తనూ చిటికెడు నోట్లో వేసుకున్నాడు. ఒక్క క్షణం ఆగి, సంచి మూతి మెలేసి వదిలేశాడు.

"ముక్కింది. తీసుకుపో" అన్నాడు కోటిలింగం డ్రైవరుతో.

ఆ తర్వాత నాలుగేళ్ళూ అదే పద్ధతి. సరుకు బాగుంటే నెహెమ్యా సంచి మూతి వెడల్పుగా కిందికి మడిచేవాడు. బాగోకపోతే మెలేసేవాడు. దీని గురించి వాళ్ళిద్దరూ ఎన్నడూ ఒక్క ముక్క మాట్లాడుకోలేదు. నీకు తెలుసా అని ఆయన అడగలేదు, నాకు తెలుసు అని ఇతను అనలేదు. ఇంట్లో భార్య కన్యకాపరమేశ్వరికి కూడా తెలియదు. జబ్బు చేసి లేచాక మొగుడు వంటలకి వంకలు పెట్టడం మానేశాడని, ఆ మహమ్మారి ఒక్క మేలన్నా చేసిందని ఆవిడ చుట్టాలందరికీ చెప్పుకుని మురిసిపోయేది. మాడిన చారు పోసినా బ్రహ్మాండం అనేవాడు పాపం.

అలాంటి నెహెమ్యా మొన్న వేసవిలో మానేస్తానన్నాడు. కూతురు జాయిస్ వ్యవసాయ డిగ్రీ చదివి, ఎక్కడో రెండేళ్ళు ఉద్యోగం చేసి వచ్చి, పెనుగంచిప్రోలులో మునేరు పక్కన ఓ రేకుల షెడ్డు వేసింది. అందులో ఈగల్ని పెంచి, ఆ ఈగల పురుగుల్ని మేపి, ఎండబెట్టి పొడి చేసి కోళ్ళ దాణాలో చేపపొడికి బదులుగా అమ్ముతుందట. ఒక్కతే చేసుకోలేకపోతోందని, తను పక్కనుండాలని నెహెమ్యా నిలబడే చెప్పాడు. చెప్తున్నప్పుడు కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

కోటిలింగం పెద్దగా నవ్వాడు. పురుగుల్ని అమ్ముకోవడానికి పురుగులు లేని కొట్టు వదిలిపెట్టి పోతావా అన్నాడు. మానొద్దు అని మాత్రం అనలేదు. నువ్వు లేకపోతే నాకు ముక్కు లేదు అనడం ఎలాగో ఆయనకి తెలియదు.

ఆ రెండు నెలలూ కోటిలింగం పడిన పాట్లు పగవాడికి కూడా వద్దు. చెక్కని రంగు చూసి కొన్నాడు. లారీ డ్రైవరు మొహం చూసి సరుకు ఎలాంటిదో ఊహించాడు. డ్రైవరు నవ్వితే అనుమానం, నవ్వకపోతే ఇంకా అనుమానం. బంగారంలాంటి సోయా ఒకటి వెనక్కి పంపేశాడు. ఎందుకు పంపారో తెలియక ఆ మిల్లు యజమాని ఫోన్లో బతిమాలాడు. వెనక్కి తగ్గితే పరువు పోతుందని ఇంకా గట్టిగా కసిరాడు. రాత్రిళ్ళు పక్క మీద పడుకుని, ఏదో ఒకరోజు ఎవడో ఒకడు ముక్కిన చెక్క తన ముక్కు కింద పెట్టి పరీక్ష చేస్తాడని భయపడేవాడు. ఆ భయం ఎంత పెరిగితే నెహెమ్యా మీద మంట అంత పెరిగేది. వీడికి ఇంత నాలుక దేనికి, సంచులు మోసేవాడికి వాసనతో పనేముంది అనుకునేవాడు. అలా అనుకున్నందుకు కాసేపు సిగ్గుపడి, మళ్ళీ అదే అనుకునేవాడు.

బలుసుపాడు రైతు వచ్చి వెళ్ళిన మర్నాడు ఇక ఆగలేకపోయాడు. పెనుగంచిప్రోలు వైపు పనుందని ఇంట్లో చెప్పి కారు తీశాడు.

షెడ్డు చిన్నదే. ఒక మూల దోమతెర కట్టిన గదిలో నల్లటి ఈగలు, సన్నగా కందిరీగల్లా, ఎండ పడేచోట గుంపుగా ఎగురుతున్నాయి. జాయిస్ ఎదురొచ్చి, కుర్చీ వేసి, అంకుల్ అంటూ అన్నీ చూపించింది. ఆ ఈగలు ఇంట్లో వాలే రకం కావట. కుట్టవు, దేని మీదా మూగవు, పెద్దయ్యాక అసలు తిండే తినవు. కర్రముక్కల సందుల్లో గుడ్లు పెట్టి వారంలో చచ్చిపోతాయి. తిండంతా పురుగు దశలోనే. గరికపాడు దగ్గర హైవే ధాబాల్లో మిగిలిపోయిన అన్నం, కూరలు, మార్కెట్లో కుళ్ళిన టమాటాలు ఆటోలో తెచ్చి తొట్లలో పోస్తారు. పదిహేను రోజుల్లో పురుగులు వేలి కణుపంత అవుతాయి. తొట్టి మీద వంగితే చిన్న వాన పడుతున్నట్టు చప్పుడు వినిపించింది. అది వేల పురుగులు తింటున్న చప్పుడని జాయిస్ చెప్పింది. చేపపొడిలో లాగా ఇసుక, ఉప్పు ఉండవని, గుడ్డుకి నీచు వాసన పట్టదని, మాంసకృత్తులు మాత్రం గట్టిగా ఉంటాయని కూడా చెప్పింది.

కోటిలింగం ఇవేవీ సరిగా వినలేదు. షెడ్డు అవతలి వైపు నలుగురు రైతులు నిలబడి ఉన్నారు. వాళ్ళ మధ్య నెహెమ్యా సంచిలో చెయ్యి పెట్టి, చిటికెడు పొడి తీసి ముక్కు దగ్గర పెట్టుకుని, నాలుక మీద వేసుకుని, కళ్ళు మూసుకుని తల కొంచెం పైకెత్తాడు. నలుగురూ ఊపిరి బిగబట్టి అతని నోటి వంక చూస్తున్నారు.

ఆ కళ్ళు మూసుకోవడం కోటిలింగంది. ఆ తల ఎత్తడం తనది. రైతుల నోళ్ళు అలా తెరుచుకుని ఉండటం తనకి రావలసింది. గల్లాపెట్టె ఎత్తుకుపోయినా ఇంత మండేది కాదు. ఎవడి కొట్లో నిలబడి నేర్చుకున్నాడో వాడి ఎదుటే ఆ వేషం కట్టాడే అని పళ్ళు కొరుక్కున్నాడు. తన నాలుక పోయాక తన పేరు నిలబెట్టింది ఆ నాలుకేనన్న సంగతి గుర్తుకొచ్చినా, దాన్ని పక్కకి నెట్టేశాడు. అసూయకి అలాంటి సంగతులతో పని లేదు.

నెహెమ్యా ఆయన్ని చూసి పరుగున వచ్చాడు. చేతులు తుడుచుకుని, శెట్టిగారూ మీరొచ్చారా అంటూ సంబరపడ్డాడు. మజ్జిగ తాగమన్నాడు. ఎవరింట్లోదో చెప్పి, మీరు తాగచ్చు అని కూడా అన్నాడు. కోటిలింగం దాహం లేదని చెప్పి కారెక్కాడు. జగ్గయ్యపేట చేరేదాకా నోరు ఎండిపోతూనే ఉంది.

వారం తిరక్కుండానే భారతీదేవి ఫోను చేసింది. నందిగామ దగ్గర చందర్లపాడు రోడ్డులో ఆవిడది పాతికవేల గుడ్ల కోళ్ళ ఫారం. భర్త పోయాక ఒంటి చేత్తో నడుపుతోంది. కోటిలింగం మాట ఆవిడకి వేదం. ఆవిడ ఔనంటే చుట్టుపక్కల పది ఫారాలు ఔనంటాయి. గుడ్లకి చేప వాసన వస్తోందని టోకు వ్యాపారులు గొణుగుతున్నారని, చేపపొడి ఆపి జాయిస్ పురుగుల పొడి వాడదామనుకుంటున్నానని చెప్పింది. జాయిస్ మచ్చుకి ఓ సంచి పంపించి పది రోజులయిందని, ఇంకా విప్పలేదని చెప్పింది.

"మీరొచ్చి చూసి బాగుందంటేనే తీసుకుంటానండీ. బాలేదంటే ఇంక ఆ మాటే ఎత్తను. మీరు పురుగుల పొడి నోట్లో పెట్టుకోరని తెలుసు, వాసన చూస్తే చాలు" అంది.

ఫోను పెట్టేశాక కోటిలింగానికి భయం ఒకవైపు, ఆనందం ఒకవైపు. నెహెమ్యాని గారు చేసినవాళ్ళ ముందే మళ్ళీ ఉత్త నెహెమ్యాని చేసే అవకాశం కాళ్ళ దగ్గరికి వచ్చింది. వాసన చూసినట్టు చూసి ముక్కిపోయింది అంటే సరి. తన మాటకి ఎదురుండదు. నెహెమ్యా కూడా అక్కడికి వస్తాడు, కానీ ఇరవై రెండేళ్ళలో ఏనాడూ నలుగురిలో తనకి ఎదురు చెప్పలేదు, ఇప్పుడూ చెప్పడు. పాపం అనిపించింది. అయినా ఆ కళ్ళు మూసుకున్న మొహం గుర్తొచ్చేసరికి ఆ పాపం కాస్తా ఎగిరిపోయింది.

చెప్పిన రోజున ముసురు పట్టింది. భారతీదేవి ఫారంలో దాణా కలిపే పాక కింద కుర్చీలు వేశారు. పక్క ఫారాల వాళ్ళు ముగ్గురు, పనివాళ్ళు అయిదారుగురు చేరారు. జాయిస్ తొట్ల పని వదిలి రాలేక తండ్రిని పంపింది. నెహెమ్యా ఉతికిన తెల్లచొక్కా వేసుకుని ఓ స్తంభం పక్కన నిలబడ్డాడు. భారతీదేవి కుర్చీ వేయించి, "కూర్చోండి నెహెమ్యా గారూ" అంది. ఆవిడా అనేసింది. నెహెమ్యా నవ్వి, నిలబడే ఉన్నాడు. కోటిలింగం తన కుర్చీలో కూర్చున్నవాడల్లా లేచి నిలబడ్డాడు.

పనివాళ్ళు నీళ్ళ తొట్టి పక్కనుంచి సంచి మోసుకొచ్చి మధ్యలో దించారు. కుట్టు విప్పమని భారతీదేవి అనగానే, అలవాటైన పని కాబట్టి నెహెమ్యా వచ్చి దారం పట్టి ఒక్క లాగు లాగాడు. మూతి కొద్దిగా తెరిచి చిటికెడు తీసి నోట్లో వేసుకున్నాడు. అతని మొహంలో ఏదో మారింది. కోటిలింగం వంక ఒకసారి చూశాడు.

సంచి మూతి మెలేసి వదిలేశాడు.

కోటిలింగానికి ఆ సైగ అర్థమైంది. సంచి బాలేదని చెప్తున్నాడు. తన సొంత కూతురి సంచి, ఊరంతా తనని గారు అని పిలవడానికి కారణమైన సంచి బాలేదని ఎవడన్నా చెప్తాడా? చెప్పడు. అంటే ఇది వల. ఈ సరుకు ఖాయంగా బాగుంది. ఈ నెహెమ్యా మెలేసింది తన చేత ముక్కింది అనిపించడానికి. తను ఆ మాట అనగానే భారతీదేవి వాసన చూస్తుంది, సరుకు ఘుమఘుమలాడుతూ ఉంటుంది, కోటిలింగం ముక్కు చచ్చిపోయిందని పదిమంది ముందు తేలిపోతుంది. నాలుగేళ్ళు కాచుకుని కాచుకుని ఇవాళ కొట్టాడు దెబ్బ. తను వేసుకొచ్చిన ఎత్తే వాడూ వేసి ఉంటాడని కోటిలింగానికి తట్టడానికి ఎంతోసేపు పట్టలేదు. మన బుద్ధి ఎలాంటిదో ఎదుటివాడికీ అలాంటిదే తొడుగుతాం.

పురుగుల పొడి అమ్ముడుపోతే పోనీ, పేరు దక్కాలి. కోటిలింగం ముందుకు నడిచి, మెలిక విప్పి, చిటికెడు తీసి ముక్కు దగ్గర పట్టుకున్నాడు. కళ్ళు మూసుకుని తల కొంచెం పైకెత్తాడు. తలలో కటిక నిశ్శబ్దం.

"బ్రహ్మాండంగా ఉందమ్మా. ఇలాంటి సరుకు నేను చూళ్ళేదు. రండి, మీరూ చూడండి" అని సంచి మూతి బార్లా తెరిచాడు.

భారతీదేవి ఒంగింది. ఒంగినావిడ ఒక్కసారిగా వెనక్కి జరిగి పైటకొంగు ముక్కుకి అడ్డం పెట్టుకుంది. పక్క ఫారం ఆయన దగ్గాడు. పనివాళ్ళు ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. ఎవరూ నవ్వలేదు. నవ్వినా బాగుండేది. కోటిలింగం సంచిలోకి చూశాడు. పొడి మధ్యలో నల్లగా ఉండ కట్టి, పైన తెల్లటి బూజు పట్టి ఉంది. ముక్కుతో పని లేకుండా కళ్ళకే కనపడుతోంది. తను మాత్రం చూడనేలేదు. చూస్తే ముక్కు లేనివాడి పని అవుతుందని, అందరిలా చూడాల్సిన అవసరం తనకి లేదని ఏళ్ళ తరబడి కళ్ళు మూసుకుంటూ వచ్చాడు.

"ఇది బాగుందంటారా అండీ?" అంది భారతీదేవి మెల్లగా.

అప్పుడు నెహెమ్యా గబగబా ముందుకొచ్చాడు.

"శెట్టిగారికి రెండ్రోజుల్నించీ పడిశం పట్టిందమ్మా, గొంతు చూస్తే తెలుస్తంది కదండీ. ముసుర్లో ఇంత దూరం ఎందుకండీ అన్నాను, మీరు పిలిచారని వచ్చారు. మా సంచి పాడైన మాట నిజవే. తొట్టి పక్కన పెట్టారు కదా, చెమ్మ లాగింది. రేపు పొద్దున్నే కొత్తది పట్టుకొస్తా" అన్నాడు.

పాకలో అందరూ ఒక్కసారి ఊపిరి పీల్చుకున్నారు. పడిశమా, అదీ సంగతి. భారతీదేవి మొహం తేటపడింది, మిరియాల పాలు తెమ్మని ఎవరికో చెప్పబోయింది. అంతా అయిపోయింది. కోటిలింగం పేరు పైసా ఎత్తు తరగకుండా ఆయన చేతికి తిరిగి వచ్చేసింది. ఆయన చెయ్యవలసిందల్లా ఒకసారి తుమ్మినట్టు నటించడం.

కోటిలింగం తుమ్మలేదు. లోపల ఇందాకటి కంటే పెద్ద మంట లేచింది. నాలుక వీడిది, గారు వీడిది, సొంత సరుకుని సొంత చేత్తో మెలేసి చూపించిన నిజాయితీ వీడిది, చివరికి తనని కాపాడే మంచితనం కూడా వీడిదేనా? ఒక్కటన్నా తనకి మిగల్చడా? రేపట్నించీ తను బతికే పేరు వీడు జాలిపడి ఇచ్చిన పేరు. అది మాత్రం కోటిలింగం తట్టుకోలేకపోయాడు. మంచివాడు కావాలని కాదు, నిజం చెప్పాలని కాదు. నెహెమ్యా ఇస్తున్నది పుచ్చుకోలేక నోరు తెరిచాడు.

"పడిశం లేదు, గిడిశం లేదు. కరోనా వచ్చినప్పట్నించీ నాకు ఏ వాసనా తెలవదు. నాలుగేళ్ళయింది. మీ కోళ్ళు తిన్న దాణా అంతా వీడే చూసి చెప్పాడు. నేను వీడి చెయ్యి చూసి చెప్పేవాణ్ణి. ఇవాళ కూడా బాలేదనే చూపించాడు. నేనే నమ్మలా" అన్నాడు.

నెహెమ్యా తల దించుకున్నాడు, పట్టుబడ్డది తనైనట్టు. భారతీదేవి కోటిలింగం వంక, నెహెమ్యా వంక మార్చి మార్చి చూసింది. ఆవిడకి కోపం వచ్చిందో, జాలేసిందో చెప్పడం కష్టం. పాతికవేల కోళ్ళున్న మనిషికి రెండింటికీ ఎక్కువ తీరిక ఉండదు.

ఆ నాలుగేళ్ళూ గుడ్లు బాగానే పెట్టాయిలెండి అని మాత్రం అంది. తర్వాత నెహెమ్యా వైపు తిరిగి, "రేపు ఆ సంచి తెచ్చినప్పుడు మా సోయా, తవుడూ కూడా ఒకసారి చూసి వెళ్తారా నెహెమ్యా గారూ" అని అడిగింది.

నెహెమ్యా కోటిలింగం వంక చూశాడు, ఒప్పుకోమంటారా అన్నట్టు. కోటిలింగం మొహం తిప్పుకున్నాడు.

వాన తగ్గేలా లేదు. నెహెమ్యా నందిగామలో బస్సు పట్టుకోవాలి. కోటిలింగం కారు తలుపు తెరిచి ఎక్కమన్నాడు. అద్దం మీద నీళ్ళు తుడిచే పుల్లలు అటూ ఇటూ కొట్టుకుంటున్నాయి. పత్తి చేలల్లో నీళ్ళు నిలిచాయి. చివరికి ఆ సంచి ఎందుకు మెలేశావని అడిగాడు కోటిలింగం. ముక్కింది కదండీ అన్నాడు నెహెమ్యా. నీ కూతురి సరుకు కదా అంటే, తినేది కోళ్ళు కదండీ అన్నాడు. తర్వాత మళ్ళీ తనే అన్నాడు.

"నేనెప్పుడన్నా మీకు తప్పు చూపించానా శెట్టిగారూ?"

లేదని కోటిలింగానికి తెలుసు. ఈ పాటికి కబురు జగ్గయ్యపేట చేరిపోయి ఉంటుంది. రేపు లారీ డ్రైవర్లు తన మొహం చూసి నవ్వుతారు. విచిత్రమేమిటంటే పేరు పోయింది గానీ అసూయ పోలేదు. పక్కన కూర్చున్న మనిషి మీద అది ఎప్పటిలాగే చెక్కుచెదరకుండా ఉంది. ఇన్నాళ్ళూ పేరు కోసం, గారు కోసం అనుకున్నాడు. అవి పోయాక చూస్తే అసలుది వేరే కనపడుతోంది.

నందిగామ బస్టాండు దగ్గరకొచ్చింది. నెహెమ్యా గొడుగు చేతిలోకి తీసుకున్నాడు.

"అది పాడైంది సరే. బాగున్న పొడి ఎట్టా ఉంటది? వాసన" అని అడిగాడు కోటిలింగం, రోడ్డు మీంచి చూపు తిప్పకుండా.

నెహెమ్యా గొడుగు ఒళ్ళో పెట్టుకున్నాడు. "ఎట్టా చెప్పాలండీ. కుంపటి మీద వేరుశనగ పప్పు వేయిస్తుంటే, పొట్టు మాడబోయే ముందర వస్తది చూడండి, ఆ వాసన. దాని కింద కొంచెం తడి మట్టి. పుట్టగొడుగు విరిస్తే వచ్చేదీ ఉంటది, సన్నగా. నోట్లో వేసుకుంటే ముందు తెలవదు, మింగాక వస్తది."

పక్కనే, చెయ్యి చాపితే అందేంత దూరంలో ఒక మనిషికి ఇవన్నీ ఉన్నాయి. వేరుశనగలు, తడి మట్టి, పుట్టగొడుగు, ఈ వాన వాసన, ఈ కారు వాసన, తన చొక్కా వాసన కూడా. కోటిలింగానికి కళ్ళు మండాయి. ఇంత అసూయ ఆయన జన్మలో ఎరగడు.

"శెట్టిగారూ, బస్టాండండీ" అన్నాడు నెహెమ్యా.

"ఇంకా చెప్పు" అన్నాడు కోటిలింగం, కారు ఆపకుండా.